చాకు (పనిముట్టు)

చాకు అనగా చేతితో పట్టుకొని వస్తువులను కోయడానికి, చెక్కడానికి, చీల్చడానికి ఉపయోగించే చిన్న కత్తి. జేబులో ఇమిడే మడత చాకు మొదలుకొని ఒరలో పెట్టి నడుముకు తగిలించుకొనే విడిది కత్తి వరకు ఇందులో అనేక రకాలు కలవు. దైనందిన అవసరాలకు వెంట ఉంచుకొనే చాకును, అడవులలో, కొండలలో గుడారాలు వేసుకొని గడిపే యాత్రలకు పనికివచ్చే చాకును ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ చాకు ఒక పనిముట్టే గాని ఆయుధం కాదు. కావున చేయవలసిన పనికి సరిపోయే చాకులలో చిన్నది, సరళమైనది, పదును పెట్టడానికి సులభమైనది ఎంచుకోవడం మేలు. పరిమాణం పెరిగిన కొద్దీ బరువుతో పాటు గాయాల ప్రమాదం, చట్టపరమైన చిక్కులు కూడా పెరుగుతాయి.

భాగాలు

చాకులో కోసే లోహపు భాగాన్ని అలుగు అంటారు. నేటి వాడుకలో బ్లేడు అన్న మాటే ఎక్కువ. బ్లేడుకు పదునుగా ఉండే అంచును వాదర అని, దానికి ఎదురుగా మొద్దుగా ఉండే అంచును వెన్ను అని, చివరి భాగాన్ని మొన అని అంటారు. చేతితో పట్టుకొనే భాగం పిడి. మడత చాకులో బ్లేడు ఒక ఇరుసు మీద తిరిగి, పిడిలోని గాడిలోనికి మడుచుకొంటుంది. మడత లేని చాకులో బ్లేడు లోహమే పిడిలోనికి చొచ్చుకొని ఉంటుంది. ఈ లోహం పిడి చివరి వరకు ఉంటే చాకు దృఢంగా ఉంటుంది.

చరిత్ర

మడత చాకు చాలా ప్రాచీనమైనది. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దానికి చెందిన రోమను మడత పరికరం ఒకటి కలదు. చెంచా, ముళ్ళచెంచా, చాకు వంటివి అందులో ఒకే పిడికి అమర్చబడి ఉన్నాయి.

నేడు వాడుకలో ఉన్న మూడు ప్రసిద్ధ నమూనాలు 19వ శతాబ్దం చివరి దశాబ్దంలో, దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకొన్నాయి.

స్విస్ చాకు: స్విట్జర్లాండు సైన్యం 1890లో తన సైనికుల కోసం ఒక మడత చాకును నిర్ణయించింది. డబ్బాలలో నిలవచేసిన ఆహారాన్ని తెరవడానికి, తుపాకి భాగాలను విప్పడానికి అది ఉపయోగపడాలన్నది ఉద్దేశం. మొదటి చాకులు జర్మనీలోని జోలింగెన్ నగరంలో తయారయ్యాయి. 1884లో ఇబాక్ గ్రామంలో కర్మాగారాన్ని స్థాపించిన కార్ల్ ఎల్సెనర్ 1891లో స్వదేశంలోనే వీటిని తయారుచేసి సైన్యానికి అందించాడు. మరిన్ని ఉపకరణాలు గల "అధికారుల చాకు"ను 1897లో నమోదు చేయించాడు. 1909లో తల్లి మరణానంతరం ఆమె పేరైన విక్టోరియాను తన సంస్థకు పెట్టాడు. తుప్పు పట్టని ఉక్కును సూచించే "ఐనాక్స్" అనే మాట 1921లో దానికి చేరడంతో "విక్టోరినాక్స్" అన్న పేరు ఏర్పడింది.

ఒపినెల్ చాకు: ఫ్రాన్సులోని సవోయి ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడి గల సాదా మడత చాకును రూపొందించాడు. 1897 నాటికి ఇది 1 నుండి 12 వరకు సంఖ్యలు గల పరిమాణాలలో లభించేది. తెరిచిన బ్లేడు మూసుకొనిపోకుండా ఆపే లోహపు ఉంగరాన్ని 1955లో చేర్చారు. ఎక్కువ ప్రచారంలో ఉన్న 8వ సంఖ్య చాకు బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు.

మోరా చాకు: స్వీడన్‌లోని మోరా పట్టణ పరిసరాలలో తయారయ్యే మడత లేని చాకు ఇది. అక్కడి ఫ్రోస్ట్ కర్మాగారం 1891లో మొదలైంది. 10 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండే బ్లేడు, సాదా పిడి, ఒర దీని లక్షణాలు. వడ్రంగులు, రైతులు, అడవిలో పనిచేసేవారు దీనిని నిత్యం వాడతారు.

తరువాతి కాలంలో అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ 1983లో పట్టకారు ప్రధానంగా గల బహుళోపయోగ పరికరాన్ని మార్కెట్టులోనికి తెచ్చాడు. ఇందులో చాకు ఒక భాగం మాత్రమే.

అవసరాన్ని గుర్తించడం

చాకును ఎంచుకొనే ముందు దానితో చేయబోయే పనుల జాబితా వేసుకోవాలి. పట్టణ జీవితంలో చాకుతో చేసే పనులు సాధారణంగా ఇవి: అట్టపెట్టెలను, పార్సిళ్ళను తెరవడం, తాళ్ళు, ప్లాస్టిక్ పట్టీలు కోయడం, పండ్లు కోయడం, పెన్సిలు చెక్కడం. వీటన్నింటికీ 5 నుండి 7 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది.

గుడారపు యాత్రలో దీనికి మరికొన్ని పనులు చేరతాయి. కూరగాయలు తరగడం, గుడారపు మేకులు చెక్కడం, పొయ్యి రాజేయడానికి పుల్లలను సన్నగా చీల్చడం, గాయాలకు కట్టు కట్టేటప్పుడు గుడ్డను కత్తిరించడం మొదలైనవి. వీటికి 9 నుండి 12 సెంటీమీటర్ల బ్లేడు చాలు.

కొమ్మలు నరకడం, మొద్దులు చీల్చడం చాకు పనులు కావు. కొబ్బరిబొండాలు కొట్టే మచ్చుకత్తి, కంపలు నరికే కొడవలి, కట్టెలు కొట్టే గొడ్డలి వేర్వేరుగా ఉండటానికి కారణం ఇదే. నరికే పనికి బరువు కావాలి. కోసే పనికి పలుచని వాదర కావాలి. రెండు పనులూ ఒకే కత్తితో చేయాలని పెద్ద కత్తిని కొంటే అది ఉల్లిపాయ కోయడానికీ పనికిరాదు, మొద్దు చీల్చడానికీ చాలదు.

మడత చాకు, స్థిర చాకు

మడత చాకు జేబులో ఇముడుతుంది. బ్లేడు పిడిలోనే దాగి ఉంటుంది కాబట్టి ఒర అవసరం లేదు. అయితే ఇరుసు దీని బలహీనమైన భాగం. పక్కకు వంచి బలం ప్రయోగిస్తే ఇరుసు వదులవుతుంది. గాడిలో ఇసుక, ఆహారపు తునకలు చేరితే శుభ్రపరచడం కష్టం.

మడత లేని చాకును స్థిర చాకు అంటారు. దీనిలో కదిలే భాగాలు లేవు కాబట్టి విరిగే అవకాశం తక్కువ. కడగడం తేలిక. తడిసిన చేతులతో కూడా వెంటనే ఉపయోగించవచ్చు. దీనికి తప్పనిసరిగా మంచి ఒర ఉండాలి. ఒరను తలక్రిందులుగా పట్టుకొని ఊపినా చాకు జారిపడకూడదు.

నిత్యం వెంట ఉంచుకోవడానికి మడత చాకు, విడిదిలో పనికి స్థిర చాకు అనుకూలమైనవి. ఒక్కటే తీసుకొని వెళ్ళదలచినవారికి, చెక్కపని పెద్దగా లేకపోతే, మంచి మడత చాకు చాలు.

తాళం

తెరిచిన బ్లేడును కదలకుండా నిలిపే ఏర్పాటును తాళం అంటారు. దీని ఆధారంగా మడత చాకులు పలురకాలు.

తాళం లేనివి: వెన్నువైపు ఉండే స్ప్రింగు ఒత్తిడి మాత్రమే బ్లేడును నిలుపుతుంది. స్విస్ చాకులలో చాలావరకు ఈ రకానివే. వీటితో కోయవచ్చు గాని మొనతో పొడవకూడదు. మొన గట్టి వస్తువుకు తగిలి ఆగితే బ్లేడు వెనుకకు మడుచుకొని వేళ్ళను తెగకోస్తుంది.

వెన్ను తాళం: పిడి వెనుకనున్న మీటను నొక్కితేనే బ్లేడు మూసుకొంటుంది. 1964లో అమెరికాలో వెలువడిన బక్ 110 చాకుతో ఇది బాగా ప్రచారంలోనికి వచ్చింది.

రేకు తాళం: పిడి లోపలి లోహపు రేకు పక్కకు జరిగి బ్లేడు అడుగున నిలుస్తుంది. ఒంటిచేత్తో మూయవచ్చు. మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలో ఉంటుంది కనుక జాగ్రత్త అవసరం.

ఉంగరపు తాళం: ఒపినెల్ చాకులో వలె ఉంగరాన్ని తిప్పి బిగించాలి. సరళమైనది, మన్నికైనది. కాని తిప్పడం మరచిపోతే తాళం లేనట్లే.

ఏ తాళమైనా అదనపు రక్షణ మాత్రమే. తాళం ఉన్నదనే ధీమాతో బ్లేడు వెన్ను మీద బలంగా కొట్టడం, మొనతో మూతలు పెకలించడం చేయరాదు.

బ్లేడు మందం, ఆకారం

విడిది చాకుకు 2.5 నుండి 3.5 మిల్లీమీటర్ల మందం గల బ్లేడు తగినది. జేబు చాకుకు ఇంకా పలుచన మంచిది. మందమైన బ్లేడు బలంగా కనిపించినా, పండును కోయబోతే చీలుస్తుంది.

వెన్ను మొనవైపు మెల్లగా దిగే ఆకారం అన్ని పనులకూ అనువైనది. వాదర నిటారుగా ఉండి మొన గుండ్రంగా ముగిసే ఆకారం తాళ్ళు కోయడానికి సురక్షితమైనది. రంపపు పళ్ళ వంటి వాదర పీచుతాళ్ళను వేగంగా కోస్తుంది గాని, చెక్కను చెక్కడానికి పనికిరాదు. దానిని ఇంట్లో పదును పెట్టడం కూడా కష్టం. కావున మొదటిసారి కొనేవారికి సాదా వాదరే ఉత్తమం. రెండువైపులా పదును గల బ్లేడు బాకు అవుతుంది. వెన్నుపై బొటనవేలు ఆనించి పనిచేయడానికి వీలుండదు కనుక అది పనిముట్టుగా ఉపయోగపడదు.

ఉక్కు

చాకు ఉక్కులో ప్రధానంగా రెండు రకాలు కలవు.

కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, గట్టిగా ఉంటుంది. కాని తడి తగిలితే తుప్పు పడుతుంది. నిమ్మకాయ, మామిడికాయ, చింతపండు వంటి పులుపు తగిలితే నల్లబడుతుంది. ఈ నలుపు హానికరం కాదు.

తుప్పు పట్టని ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. ఈ క్రోమియం ఉపరితలంపై పలుచని ఆక్సైడు పొరను ఏర్పరచి లోహాన్ని కాపాడుతుంది. షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ 1913లో ఇటువంటి ఉక్కును తయారుచేసిన తరువాత కత్తుల పరిశ్రమలో దీని వాడకం పెరిగింది. పేరుకు తుప్పు పట్టనిదే అయినా, ఉప్పునీటిలో తడిపి అలాగే వదిలేస్తే దీనికి కూడా మచ్చలు వస్తాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ప్రాంతాలవారికి, రోజూ నూనె రాసే ఓపిక లేనివారికి ఇదే అనుకూలం.

ఉక్కు కాఠిన్యాన్ని రాక్‌వెల్ 'సి' కొలమానంలో చెబుతారు. సాధారణ చాకులు 55 నుండి 60 మధ్య ఉంటాయి. స్విస్ చాకులు దాదాపు 56 వద్ద ఉంటాయి. కాఠిన్యం పెరిగితే పదును ఎక్కువకాలం నిలుస్తుంది గాని, పెళుసుదనం పెరుగుతుంది, నూరడం కష్టమవుతుంది. యాత్రలో చిన్న రాయితో పదును పెట్టుకోగల ఉక్కు, ఇంటికి తిరిగి వచ్చేవరకు మొద్దుబారి ఉండే ఖరీదైన ఉక్కు కన్నా ఎక్కువ ఉపయోగకరం.

బ్లేడుపై అలల వంటి చారలు గల చాకులను "డమాస్కస్ ఉక్కు" పేరుతో అమ్ముతుంటారు. చారిత్రకంగా ఆ పేరుతో ప్రసిద్ధి చెందిన కత్తులకు దక్షిణ భారతదేశంలో మూసలలో తయారైన ఉక్కు ముడిసరుకు. తెలంగాణలోని నిజామాబాదు జిల్లాకు చెందిన కోనసముద్రం గ్రామం ఈ ఉక్కుకు పేరొందిన కేంద్రాలలో ఒకటి. పర్షియా వర్తకులు ఇక్కడికి వచ్చి ఉక్కు దిమ్మలను కొనుగోలు చేసేవారు. నేడు దొరికే చారల చాకులలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు రేకులను కలిపి సాగగొట్టినవి. కొన్నింటిలో చారలు పైపైన ముద్రించినవి మాత్రమే. చారలను బట్టి చాకు నాణ్యతను నిర్ణయించలేము.

పిడి

పిడి అరచేతి వెడల్పుకు సరిపోవాలి. నాలుగు వేళ్ళూ దానిపై ఆనాలి. తడి, చెమట, నూనె తగిలినా జారకూడదు. చెక్క, గట్టి ప్లాస్టిక్, రబ్బరు పూత గల పిడులు ఇందుకు అనువైనవి. నునుపైన లోహపు పిడి అందంగా ఉన్నా చెమటకు జారుతుంది. స్థిర చాకులో పిడికి, బ్లేడుకు మధ్య చేయి ముందుకు జారకుండా చిన్న అడ్డు ఉండటం మంచిది.

1982లో వచ్చిన "ఫస్ట్ బ్లడ్" చిత్రం తరువాత పిడి లోపల బోలుగా ఉండి, దిక్సూచి, అగ్గిపుల్లలు పెట్టుకొనే కత్తులు విరివిగా అమ్ముడుపోయాయి. వీటి చవక నకళ్ళలో బ్లేడు పిడికి కొద్దిపాటి మరతో మాత్రమే బిగించి ఉంటుంది. పని మధ్యలో ఊడిపోయే ప్రమాదం ఉన్నందున వీటిని కొనకపోవడం మంచిది.

చట్టం

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి కత్తులకు వర్తిస్తాయి. 9 అంగుళాల (సుమారు 23 సెంటీమీటర్లు) కన్నా పొడవు లేదా 2 అంగుళాల (సుమారు 5 సెంటీమీటర్లు) కన్నా వెడల్పు బ్లేడు గల కత్తులను ఈ నియమావళి ఆయుధాల జాబితాలో చేర్చింది. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం తయారైనవాటికి మినహాయింపు కలదు. ప్రాంతాన్ని బట్టి అదనపు ఆంక్షలు ఉండవచ్చు. ఉదాహరణకు ఢిల్లీలో 1980 నాటి ప్రకటన ప్రకారం మీట నొక్కితే తెరుచుకొనే చాకులకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు పరిమితులు ఉన్నాయి. ఎన్నికలు, ఉత్సవాల సమయంలో పోలీసు ఉత్తర్వులు కత్తులతో తిరగడాన్ని నిషేధించవచ్చు.

అడవులకు వెళ్ళేవారు ముఖ్యంగా గమనించవలసినది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఈ చట్టంలో "ఆయుధం" అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. ముందుగా వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించడాన్ని 31వ సెక్షను నిషేధిస్తుంది. జాతీయ వనాలకు కూడా ఇదే నిబంధన. కావున నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, కవ్వాల అభయారణ్యం, పాపికొండల జాతీయ వనం వంటి చోట్లకు వెళ్ళేవారు తమ వద్ద చాకు ఉన్నట్లు అటవీ అధికారులకు ముందే తెలిపి అనుమతి పొందాలి. లేనిపక్షంలో చాకును ఇంటివద్దనే విడిచి వెళ్ళాలి.

విమానంలో చాకును చేతిసంచిలో తీసుకొని వెళ్ళరాదు. జేబులో మరచిన చిన్న చాకును కూడా తనిఖీలో తీసివేస్తారు. దానిని ఒరలోనో గుడ్డలోనో చుట్టి, సరుకుల గదికి పంపే సామానులో పెట్టాలి.

విదేశాలలో నివసించే తెలుగువారు ఆయా దేశాల చట్టాలను తెలుసుకోవాలి. ఇంగ్లాండులో 1988 నాటి చట్టం ప్రకారం, తగిన కారణం చూపకుండా బహిరంగ ప్రదేశాలలో వెంట ఉంచుకొనదగినది 3 అంగుళాలకు మించని వాదర గల, తాళం లేని మడత చాకు మాత్రమే. జర్మనీలో ఒంటిచేత్తో తెరిచి తాళం వేయగల చాకులను, 12 సెంటీమీటర్లు మించిన బ్లేడు గల స్థిర కత్తులను వెంట ఉంచుకోవడంపై 2008లో ఆంక్షలు విధించారు. 2024లో నిబంధనలను మరింత కఠినం చేశారు. అమెరికాలో రాష్ట్రానికొక విధమైన చట్టం కలదు.

సురక్షిత వాడకం

మొద్దుబారిన చాకు పదునైన చాకు కన్నా ప్రమాదకరం. అది తెగదు కాబట్టి ఎక్కువ బలం ప్రయోగించవలసి వస్తుంది. అప్పుడు జారిన చాకును ఆపడం సాధ్యం కాదు.

* పని మొదలుపెట్టే ముందు చేయి చాచి చుట్టూ చూసుకోవాలి. ఆ దూరంలో ఎవరూ ఉండకూడదు.
* వాదర శరీరానికి అవతలి వైపుకు కదలాలి.
* కూర్చొని చెక్కేటప్పుడు రెండు తొడల మధ్య చెక్కరాదు. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. అది తెగితే నిమిషాలలో ప్రాణం పోవచ్చు. మోచేతులను మోకాళ్ళపై ఆనించి, వాటికి ముందుగా పనిచేయాలి.
* జారిపడే చాకును పట్టుకోబోరాదు. వెనుకకు అడుగువేయాలి.
* చాకును మరొకరికి ఇవ్వవలసి వస్తే నేలపై లేదా బల్లపై పెట్టాలి, లేదా పిడివైపు అందించాలి.
* పని పూర్తికాగానే మడవాలి లేదా ఒరలో పెట్టాలి. గడ్డిలో పడవేయరాదు.
* గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, గాయమైన భాగాన్ని పైకెత్తి ఉంచాలి. లోతైన గాయమైతే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళాలి. ధనుర్వాతం టీకా గురించి అడిగి తెలుసుకోవాలి.

పదును, సంరక్షణ

చాకును సానరాయిపై ఒక్కో వైపు 15 నుండి 20 డిగ్రీల కోణంలో నూరుతారు. మొద్దుబారినదానికి 400 ప్రాంతపు గరుకు రాయి, మామూలుగా పదును పెట్టడానికి 1000 ప్రాంతపు నునుపు రాయి సరిపోతాయి. ఒకవైపు నూరినప్పుడు రెండవవైపు వాదర పొడవునా సన్నని లోహపు పొర పైకి లేచినట్లు వేలికి తగులుతుంది. అప్పుడు రెండవవైపుకు మార్చాలి. చివరగా తోలుపట్టీపై వెన్నువైపుగా లాగితే ఆ పొర పోయి పదును తేరుతుంది. మంగలి కత్తిని తోలుపట్టీపై తీడటంలోని సూత్రం కూడా ఇదే. రాయి లేనిచోట పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు అంచును వాడుకోవచ్చు.

వేగంగా తిరిగే సానచక్రంపై నీరు లేకుండా పట్టిస్తే వాదర వేడెక్కుతుంది. అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడి ఉక్కు తన కాఠిన్యాన్ని కోల్పోయినట్లే. అటువంటి చాకుకు మళ్ళీ పదును పెట్టినా నిలవదు.

వాడిన తరువాత చాకును కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. కార్బన్ ఉక్కుకు పలుచగా కొబ్బరినూనె రాయాలి. మడత చాకు ఇరుసులో ఒక చుక్క నూనె వేయాలి. తడిసిన తోలు ఒరలో చాకును నిలవ ఉంచరాదు.

కొనేటప్పుడు పరిశీలించవలసినవి

* తెరిచినప్పుడు బ్లేడు పక్కలకు గాని, ముందు వెనుకలకు గాని ఊగకూడదు.
* మూసినప్పుడు బ్లేడు గాడి మధ్యలో ఉండాలి. మొన బయటకు కనిపించకూడదు.
* తాళం స్పష్టంగా పడాలి. మెల్లగా వెన్నును నొక్కినా వీడకూడదు.
* ఉక్కు పేరును తయారీదారు తెలిపి ఉండాలి.
* పిడి పట్టుకొని కాసేపు చెక్కినా అరచేతిలో ఎక్కడా ఒరుసుకోకూడదు.
* తీసుకొని వెళ్ళదలచిన ప్రదేశపు చట్టానికి లోబడి ఉండాలి.

ఈ పరీక్షలకు నిలిచే చాకు సాదాదైనా అనేక సంవత్సరాలు పనిచేస్తుంది. మిగిలిన సొమ్ముతో సానరాయి, ప్రథమచికిత్స పెట్టె సమకూర్చుకోవడం యాత్రికులకు ఎక్కువ ఉపయోగకరం.